ఎండలు ముదిరేసరికి హైడ్రోపోనిక్స్ పాలకూర వేర్లు కుళ్ళుతున్నాయి, కిట్ అమ్మేయమంటారా?

నిజాంపేట_నీరజ
మా మిద్దె మీద హైడ్రోపోనిక్స్ కిట్, అంటే మట్టి లేకుండా నీళ్ళలోనే మొక్కలు పెంచే 36 రంధ్రాల ఎన్ఎఫ్‌టీ పైపుల సెట్ ఉంది, పోషకాల నీళ్ళు పైపుల్లో పల్చటి పొరలా పారుతుంటాయి. కింద 40 లీటర్ల టబ్బు, అందులో చిన్న మోటారు. చలికాలమంతా పాలకూర, లెట్యూస్ బ్రహ్మాండంగా వచ్చాయి. మార్చి సగానికొచ్చేసరికి కథ మారిపోయింది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తోంది. నెట్ కప్పు (మొక్క కూర్చునే జాలీ గిన్నె) పైకి తీసి చూస్తే, తెల్లగా ఉండాల్సిన వేర్లు చింతపండు పులుసు రంగులో ఉన్నాయి. పట్టుకుంటే జిగురు, మురుగు వాసన.

పీహెచ్‌ది ఇంకో గోల (నీళ్ళు ఎంత పుల్లనో, ఎంత క్షారమో చెప్పే లెక్క అది). రాత్రి 6కి దించి పడుకుంటే పొద్దునకి 7.8 చూపిస్తోంది. పీహెచ్ డౌన్ సీసాలు ఖాళీ అవుతున్నాయి తప్ప అది మాత్రం నిలవట్లేదు. కిట్ అమ్మినతన్ని అడిగితే "న్యూట్రియెంట్ మందు డోసు పెంచండి మేడమ్" అన్నాడు. పెంచితే ఆకు అంచులు మాడాయి. మాది బోరు నీళ్ళు. అసలు మన ఎండలకి ఇది పనికొచ్చే పద్ధతేనా? లేక కిట్ అమ్మేసి మళ్ళీ కుండీలు పెట్టుకోమంటారా?

బాల్కనీ_బచ్చలి
బోరు నీళ్ళ టీడీఎస్, అంటే కరిగిన ఉప్పుల లెక్క, ఎంత? మధ్యాహ్నం టబ్బులో నీళ్ళ వేడి ఎంత? ఈ రెండూ తెలీకుండా ఎవరేం చెప్పినా చీకట్లో బాణం వేసినట్టే.

నిజాంపేట_నీరజ
ఇప్పుడే చూశాను. ఏమీ కలపకముందే బోరు నీళ్ళ టీడీఎస్ 840. రెండు గంటలప్పుడు టబ్బులో నీళ్ళు 36 డిగ్రీలు.

చేవెళ్ల_పాలీహౌస్
36 డిగ్రీలా! జబ్బేంటో అక్కడే దొరికిపోయింది కదండీ.

మట్టిమనిషి
అమ్మేయండి. నేను పదేళ్ళుగా మిద్దె తోట చేస్తున్నా. మట్టి, పశువుల ఎరువు, వేపపిండి, వారానికోసారి జీవామృతం. మీటర్లు లేవు, మోటార్లు లేవు. మట్టి ఎండ దెబ్బని తనే ఆపుకుంటుంది. నీళ్ళకి ఆ శక్తి లేదు.

కుర్ర_తోటమాలి
మట్టిమనిషి అన్నా, మాది మూడో అంతస్తు బాల్కనీ. మట్టి బస్తాలు మోయడానికి లిఫ్ట్ వాడితే సెక్రటరీ అంకుల్ గొడవ పెట్టుకుంటున్నారు. నీళ్ళయితే నల్లాలోనే వస్తాయి మరి :)

కెమిస్ట్రీ_మాస్టారు
నీరజ గారూ, ముందు మీ నీళ్ళ సంగతి తేల్చుకుందాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

టీడీఎస్ మీటరు నీళ్ళలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. మన దగ్గర దొరికే మీటర్లు ఎక్కువగా 500 స్కేలువి, అంటే ఈసీని (నీళ్ళు కరెంటుని ఎంత మోస్తాయో చెప్పే కొలత) 500తో గుణించి టీడీఎస్ చూపిస్తాయి. ఆ లెక్కన 840 అంటే ఈసీ దాదాపు 1.7. లెట్యూస్‌కి మొత్తం ఈసీ 0.8 నుంచి 1.2 చాలు. పాలకూరకి 1.8 నుంచి 2.3. అంటే మీరు ఒక్క చుక్క మందు కలపకముందే లెట్యూస్ గీత దాటేశారు, పాలకూర గీత దగ్గరకి వచ్చేశారు. పోనీ అందులో ఉన్నది మొక్కకి కావాల్సిందా అంటే, నత్రజని, పొటాష్ పెద్దగా ఉండవు. ఎక్కువగా ఉండేవి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, బైకార్బనేట్. డోసు పెంచితే అంచులు మాడక ఏమవుతాయి? పెంచమని చెప్పినాయన నీళ్ళ టీడీఎస్ అడక్కుండానే చెప్పాడు.

ఇక పీహెచ్ ఎందుకు ఎగబాకుతోందంటే, అది బైకార్బనేట్ (యాసిడ్‌ని విరిచే క్షారం) పని. యాసిడ్ చుక్కలు వేయగానే కొంత బైకార్బనేట్ కరిగిపోతుంది, పీహెచ్ దిగుతుంది. పైపుల్లో నీళ్ళు పారుతూ గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, మిగిలిన బైకార్బనేట్ మళ్ళీ పీహెచ్‌ని పైకి లాగుతుంది. బైకార్బనేట్ అయిపోయేదాకా ఈ దోబూచులాట ఆగదు.

"అయితే అయిపోయేదాకా యాసిడ్ పోద్దాం" అంటే అదీ కుదరదు. ఇళ్ళలో వాడే పీహెచ్ డౌన్ ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్. లీటరుకి 240 మిల్లీగ్రాముల బైకార్బనేట్ ఉన్న నీళ్ళని పూర్తిగా దానితోనే లొంగదీస్తే లీటరుకి 120 మిల్లీగ్రాముల పైచిలుకు భాస్వరం చేరుతుంది. మొక్కకి కావాల్సింది 30 నుంచి 50. మిగిలిన భాస్వరం ఇనుముని పట్టుకుని అడుగున కూర్చుంటుంది. అప్పుడు లేత ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. నిమ్మ ఉప్పు వేస్తే దించుతుంది గానీ టబ్బులోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, పీహెచ్ మళ్ళీ మొదటికే వస్తుంది.

కాబట్టి యాసిడ్ మార్చడం కాదు, నీళ్ళు మార్చాలి.

నిజాంపేట_నీరజ
మాస్టారూ, లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చ, అచ్చం అలాగే ఉన్నాయి! ఇనుము తక్కువని వాళ్ళు ఇంకో సీసా అంటగట్టారు. నీళ్ళు మార్చమంటే ఆర్ఓ నీళ్ళేనా?

కెమిస్ట్రీ_మాస్టారు
ఆర్ఓ ఒక దారి. మీ ఆర్ఓ నీళ్ళ టీడీఎస్ 50 అనుకుందాం. 30 లీటర్ల ఆర్ఓలో 10 లీటర్ల బోరు కలిపితే 250కి కాస్త తక్కువగా వస్తుంది. కావాల్సిన కాల్షియం కొంత అందులోనే ఉంటుంది, పీహెచ్ కూడా మాట వింటుంది.

మట్టిమనిషి
ఒక్క నిమిషం. 30 లీటర్ల ఆర్ఓ నీళ్ళు రావాలంటే ఇంట్లో మిషను 60 నుంచి 90 లీటర్లు తూములోకి వదిలేస్తుంది. మళ్ళీ హైడ్రోపోనిక్స్ అంటే నీటి పొదుపు అని ప్రచారం! నిజాంపేటలో వేసవిలో ట్యాంకర్ల కోసం క్యూ కట్టే జనం ఉండగా ఇదేం పొదుపండీ? నేను దీన్ని ఒప్పుకోను.

బాల్కనీ_బచ్చలి
ఈ మాటకి మాత్రం మట్టిమనిషి గారికే నా ఓటు. మేము ఆర్ఓ వదిలేసే నీళ్ళని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకి వాడతాం. అయినా మిగులుతాయి.

కుర్ర_తోటమాలి
ఆ వదిలేసిన నీళ్ళే టబ్బులో పోస్తే?

కెమిస్ట్రీ_మాస్టారు
వద్దు నాయనా. బోరులో ఉన్న ఉప్పంతా అందులోకే చేరి ఇంకా చిక్కగా ఉంటుంది. 840 ఉన్న నీళ్ళయితే బయటికి పోయేది వెయ్యి దాటుతుంది. కుండీలకి రోజూ పోసినా కొన్నాళ్ళకి మట్టి పైన తెల్లగా పేరుకుంటుంది.

మట్టిమనిషి గారి అభ్యంతరం న్యాయమైనదే. అసలు మంచి నీళ్ళు వాన నీళ్ళు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పది చదరపు మీటర్ల రేకుల కప్పు మీద పడ్డది పడ్డట్టు పట్టగలిగితే లెక్కకి 8,000 లీటర్లు. అందులో రెండు మూడు డ్రమ్ములు మూతపెట్టి దాచుకున్నా చిన్న సెట్‌కి చాలా కాలం వస్తాయి. మొదటి జల్లు మాత్రం వదిలేయాలి, దుమ్మంతా అందులోనే వస్తుంది.

బెజవాడ_పుదీనా
మేము ఏసీ నీళ్ళు వాడతాం. టీడీఎస్ 20 కూడా ఉండదు. బెజవాడ ఉక్కకి రాత్రంతా ఏసీ నడిస్తే పొద్దునకి బకెట్ నిండుతుంది. పుదీనా, బచ్చలి రెండూ ఆ నీళ్ళతోనే.

కుర్ర_తోటమాలి
మా హైదరాబాద్ ఏసీ ఏప్రిల్‌లో చెంబు కూడా నింపదు అక్కా. మీ ఉక్క మీకు వరం!

చేవెళ్ల_పాలీహౌస్
మా పొడి గాలికి ఏసీలో నీళ్ళు అంతే వస్తాయి తమ్ముడూ, గాలిలో తేమ ఉంటేగా. ఏసీ నీళ్ళు పట్టేవాళ్ళు ముందు ఫిల్టరు, ట్రే శుభ్రం చేయించుకోండి. రాగి గొట్టాల మీదుగా వస్తాయి కాబట్టి ఉత్త ఏసీ నీళ్ళే కాకుండా సగం మామూలు నీళ్ళు కలపడం మంచిది.

ఇప్పుడు వేర్ల సంగతి. నీళ్ళ గొడవ మాస్టారు తేల్చారు, కానీ మొక్కని చంపుతున్నది వేడి. నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంటే లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. వేడికి వేరు ఊపిరి మాత్రం పెరుగుతుంది, అంటే దొరికేది తగ్గి కావాల్సింది పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పిథియం అనే కుళ్ళు తెగులు దూరుతుంది. నీళ్ళ నిండా వేర్లున్నా మొక్క దప్పికతో వాడిపోవడం ఇందుకే. 24 లోపు ఉంటే హాయి, 28 దాటితే జాగ్రత్త, 36 అంటే వేరు ఉడికినట్టే.

ఒక పరీక్ష చెబుతా. గోధుమ రంగు ఒక్కటే చూసి కుళ్ళు అనుకోకండి, ఐరన్ చిలేట్ (నీళ్ళలో కరిగే ఇనుము మందు) మరకకి కూడా వేరు రంగు మారుతుంది. ఒక వేరు కొసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. పై పొర తొడుగులా ఊడి చేతికొచ్చి, లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలితే అది కుళ్ళు. గట్టిగా ఉంటే ఉత్త మరకే.

నిజాంపేట_నీరజ
లాగి చూశా. తొడుగు ఊడింది, దారం మిగిలింది. పాలకూర అన్నీ అంతే. చివరి వరసలో పెట్టిన రెండు బచ్చలి మొక్కల వేర్లు మాత్రం గట్టిగా ఉన్నాయి.

బాల్కనీ_బచ్చలి
నా పేరు నిలబెట్టింది :)

కుర్ర_తోటమాలి
హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయండి మేడమ్. 3 శాతం ద్రావణం లీటరుకి రెండు మూడు మిల్లీ లీటర్లు. ఆక్సిజన్ కూడా వస్తుంది.

చేవెళ్ల_పాలీహౌస్
నేను ఆ సలహా ఇవ్వను తమ్ముడూ. చచ్చిన వేరుని పెరాక్సైడ్ బతికించదు. ఒకట్రెండు రోజుల్లో దాని పని అయిపోతుంది, నీళ్ళు 36 దగ్గరే ఉంటే తెగులు మళ్ళీ వస్తుంది. ఇంకోటి, చాలామంది వారం ముందు ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వేసి, ఈ వారం పెరాక్సైడ్ పోస్తారు. డబ్బు పెట్టి కొన్న మంచి సూక్ష్మజీవుల్ని మన చేత్తోనే చంపినట్టవుతుంది. ఏదో ఒక దారి పట్టుకోవాలి.

నీరజ గారూ, కుళ్ళిన మొక్కలన్నీ పీకేయండి. పైపులు, టబ్బు, మోటారు, నెట్ కప్పులు బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, రెండు మూడుసార్లు మంచి నీళ్ళతో జాడించి, ఎండలో ఆరబెట్టండి. టబ్బు మిద్దె మీద ఎండలో ఉందా?

నిజాంపేట_నీరజ
అవునండీ, సెట్ కిందే. మధ్యాహ్నం నేరుగా ఎండ పడుతుంది. టబ్బు నీలం రంగు, సగం వెలుతురు లోపలికి పోతుంది. గోడలకి పాచి కూడా పట్టింది.

చేవెళ్ల_పాలీహౌస్
టబ్బుని మెట్ల గది నీడలోకి జరపండి. రెండు గజాలు ఎక్కువ గొట్టం పడుతుంది, మోటారు అంత ఎత్తుకి తోయగలదో లేదో చూసుకోండి. చుట్టూ థర్మాకోల్, పైన తెల్ల రంగు, మూతకి సందు లేకుండా. వెలుతురు ఆగితే పాచీ ఆగుతుంది, మూత ఉంటే దోమలూ గుడ్లు పెట్టవు. వానాకాలం డెంగ్యూ రోజుల్లో ఈ మూత సంగతి అందరూ పట్టించుకోవాలి. పైపులు కూడా తెల్లవే ఉండాలి, పైన 50 శాతం షేడ్ నెట్. మిద్దె గచ్చుకి పైపులు ఆనకుండా నడుమెత్తు స్టాండు మీద పెడితే ఇంకా మంచిది, గచ్చు సెగ సాయంత్రం ఏడింటిదాకా కొడుతూనే ఉంటుంది.

రాత్రిడ్యూటీ_రమ
ఐస్ చేసిన నీళ్ళ సీసాలు టబ్బులో వేస్తే? మా ఇంట్లో అదే చేస్తాం.

చేవెళ్ల_పాలీహౌస్
40 లీటర్లకి రెండు లీటర్ల ఐస్ వేస్తే నాలుగైదు డిగ్రీలు దిగుతుంది, పైపులన్నీ తిరిగొచ్చేసరికి మళ్ళీ ఎక్కుతుంది. టబ్బు నీడలో ఉంటే ఆ రెండు సీసాలు ఉపయోగపడతాయి, ఎండలో ఉంటే వృథా.

రాత్రిడ్యూటీ_రమ
నాకు పైపులంటేనే భయం. మా ఏరియాలో మధ్యాహ్నం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. మోటారు ఆగిందంటే పైపులో ఉండేది పల్చటి పొర, అది గంటలో ఆరిపోతుంది. అందుకే నేను క్రాట్కీ పద్ధతిలో చేస్తా. 20 లీటర్ల పెయింట్ బకెట్, మూతకి రంధ్రం, కరెంటే అక్కర్లేదు. మొక్క నీళ్ళు తాగేకొద్దీ మట్టం దిగుతుంది, పైన బయటపడ్డ వేర్లు గాలి పీలుస్తాయి. హవాయి యూనివర్సిటీలో క్రాట్కీ అనే ప్రొఫెసర్ చూపించిన పద్ధతి ఇది. డ్యూటీ నుంచి వచ్చి పడుకునే నాలాంటి వాళ్ళకి ఇదే దిక్కు.

కుర్ర_తోటమాలి
మట్టం తగ్గగానే మళ్ళీ నిండా పోసేస్తున్నారా అక్కా?

రాత్రిడ్యూటీ_రమ
అస్సలు పోయను. గాలికి అలవాటు పడ్డ వేర్లు మళ్ళీ మునిగితే మొక్క ఊపిరాడక పోతుంది. పోయాల్సి వస్తే సగం లోపే.

కుర్ర_తోటమాలి
ఇంకో డౌటు. 'ఏ' సీసా, 'బీ' సీసా అని న్యూట్రియెంట్లు అంత రేటు పెట్టి కొనే బదులు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం ఉన్న ఎరువు) కలిపేస్తే సరిపోదా? ఎరువుల షాపులో చవగ్గా దొరుకుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇది అడిగినందుకు సంతోషం, చాలామందికి ఉన్న సందేహమే. 19:19:19 పాకెట్ వెనక చదువు. ఆ 19 శాతం నత్రజనిలో పదిన్నర శాతం దాకా యూరియా రూపంలోనే ఉంటుంది. మట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా, తర్వాత నైట్రేట్‌గా మార్చి వేరుకి అందిస్తాయి. శుభ్రమైన టబ్బులో అంత సైన్యం ఉండదు. పైగా యూరియా కరెంటుని మోయదు కాబట్టి మీ ఈసీ మీటరుకి కనిపించదు. మీటరు తక్కువ చూపిస్తోందని ఇంకా ఇంకా వేస్తూ పోతారు. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు.

షాపులోనే విడిగా కొనుక్కోవచ్చు: కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ అంటే 13-0-45, మోనో పొటాషియం ఫాస్ఫేట్ అంటే 0-52-34, మెగ్నీషియం సల్ఫేట్, చిలేటెడ్ సూక్ష్మపోషకాలు. కాల్షియం నైట్రేట్ ఒక సీసాలో, ఫాస్ఫేట్, సల్ఫేట్ ఉన్నవి ఇంకో సీసాలో. చిక్కటి ద్రావణాలు రెండూ నేరుగా కలిస్తే సున్నంలా విరిగి అడుగుకి దిగుతాయి. ఏ, బీ అని రెండు సీసాలు అందుకే. టబ్బులో కలిపేటప్పుడు కూడా ఒకటి పోసి, బాగా కలియబెట్టి, ఆ తర్వాతే రెండోది.

మట్టిమనిషి
చదువుతుంటేనే తెలుస్తోంది, ఇదంతా కెమికల్ కూర. మా అమ్మ ముట్టుకోదు. జీవామృతం వడకట్టి పోసుకోకూడదా?

కెమిస్ట్రీ_మాస్టారు
వేరు లోపలికి నత్రజని ఎక్కువగా నైట్రేట్‌గానో అమ్మోనియంగానో వెళుతుంది, పేడ నుంచి వచ్చినా సంచి నుంచి వచ్చినా. జీవామృతంలో బెల్లం, శనగపిండి ఉంటాయి. మట్టిలో అది అమృతమే. సన్నటి పైపుల్లో పోస్తే జిగురు కట్టి, ఉన్న ఆక్సిజన్ అంతా ఆ సూక్ష్మజీవులే తాగేస్తాయి.

మీ అమ్మగారి భయంలో ఒక నిజం ఉంది, అది కొట్టిపారేయను. వెలుతురు చాలక, నైట్రేట్ ఎక్కువైతే ఆకుకూరల్లో నైట్రేట్ పేరుకుంటుంది. కోతకి రెండు మూడు రోజుల ముందు ఉత్త నీళ్ళు పెట్టి, ఎండ తగిలాక సాయంత్రం కోసుకుంటే తగ్గుతుంది. పసిపిల్లలున్న ఇళ్ళలో తప్పకుండా చేయండి.

డల్లాస్_దొడ్డి
ఇక్కడ అమెరికాలో హైడ్రోపోనిక్ పంటకి ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇస్తారు, యూరప్‌లో మట్టిలో పండితేనే ఇస్తారు. దేశాలే ఒక మాట మీద లేవు, మనం ఇక్కడ తేల్చేది కాదు. నేను గరాజ్‌లో ఎల్ఈడీ లైట్ల కింద మాస్టర్‌బ్లెండ్ 4-18-38 అనే రెడీమేడ్ ఎరువు, కాల్షియం నైట్రేట్, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వాడతా. లీటరుకి సుమారు 0.6, 0.6, 0.3 గ్రాములు. చలికాలంలో మెంతికూర, కొత్తిమీర బాగా వస్తాయి. ఇండియన్ స్టోర్లో వాడిపోయిన కట్ట కొనేకన్నా మెంతికూర పప్పు ఇంట్లో కోసుకున్న ఆకుతో వండుకోవడం ఎంత తృప్తో మాటల్లో చెప్పలేను. గోంగూర ఒక్కటే ఇంకా లొంగలేదు.

మట్టిమనిషి
మట్టి దొరకని చోట మీరు చేసుకుంటున్నది మెచ్చుకోవాల్సిందే. మండు వేసవిలో మన మిద్దె మీద దీన్ని నిలబెట్టడం వేరు సంగతి అనే నా వాదన.

చేవెళ్ల_పాలీహౌస్
దానికి ఒప్పుకుంటా. మేమే ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ ఆపేస్తాం. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు ఉన్నా ఆకు చేదెక్కి పూతకొచ్చేస్తుంది. రుతువుకి తగ్గ ఆకు వేసుకోవాలి. తోటకూర, బచ్చలి, తూటికూర ఎండని ఇష్టపడే జాతులు. నీరజ గారి టబ్బులో బచ్చలి నిలబడటమే సాక్ష్యం. టమాటా, వంకాయ కావాలంటే పైపులు వద్దు, బకెట్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వేసి డ్రిప్పు పెట్టుకోండి. కోకోపీట్ వేరుకి తేమనీ గాలినీ రెంటినీ ఇస్తుంది, కరెంటు పోయినా పూటంతా ఆగుతుంది. ముందు బాగా కడగాలి, కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది.

బాల్కనీ_బచ్చలి
నీరజ గారూ, మీకు నల్లా నీళ్ళు రావా?

నిజాంపేట_నీరజ
రోజు విడిచి రోజు వస్తాయి, కానీ సంపులో బోరుతో కలిసిపోతాయి.

బాల్కనీ_బచ్చలి
సంపులో పడకముందే మీటరు దగ్గర బకెట్లో పట్టి చూడండి.

నిజాంపేట_నీరజ
పట్టి చూశాను. టీడీఎస్ 310! నల్లా నీళ్ళు మంచివని తెలుసు గానీ ఇంత తేడా ఉంటుందనుకోలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇంకేం, ఆర్ఓ గొడవే తీరిపోయింది. రెండు బిందెలు పట్టి రాత్రంతా మూత తీసి, పైన పల్చటి గుడ్డ కట్టి ఉంచండి, క్లోరిన్ చాలావరకు పోతుంది. తోటకూరకి టీడీఎస్ 310 మీద 700 దాకా మందు చేరేలా చూసుకోండి, మీటరు మొత్తం వెయ్యి దగ్గర చూపిస్తే చాలు. పీహెచ్ ఇప్పుడు కూడా పెరుగుతుంది గానీ రాత్రికి రాత్రి కాదు. ఎండలు ముదిరాక టబ్బు మట్టం తగ్గినప్పుడు ఉత్త నీళ్ళే కలపండి, మందు కలిపితే చిక్కబడుతుంది. వీలు చూసుకుని బోరు నీళ్ళని జిల్లా భూసార పరీక్షా కేంద్రంలో ఇచ్చి రండి, సోడియం, బైకార్బనేట్ ఎంతో కాగితం మీద ఉంటే అపార్ట్‌మెంటులో కుండీలున్న వాళ్ళందరికీ పనికొస్తుంది.

మట్టిమనిషి
నల్లా నీళ్ళయితే నాకు అభ్యంతరం లేదు. తోటకూర విత్తనాలు నావే ఉన్నాయి, ఎర్ర రకం, సొంతంగా కట్టినవి. ప్రగతినగర్ వైపు వస్తే తీసుకెళ్ళండి.

నిజాంపేట_నీరజ
తప్పకుండా వస్తానండీ. కిట్ అమ్మట్లేదు. టబ్బు మెట్ల గదిలోకి మార్చేశాం, థర్మాకోల్ కట్టాం. ఈరోజు రెండింటికి నీళ్ళు 29. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది కదా, నెట్ కప్పులో జారిపోకుండా ఎలా వేయాలి?

రాత్రిడ్యూటీ_రమ
కప్పు అడుగున క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుండ్లు), పైన వేలెడు మందం తడి కోకోపీట్. చిటికెడు గింజలు చల్లి పైపైన అద్దండి, లోతుగా పూడ్చొద్దు. మొలిచాక కప్పుకి మూడు నాలుగు ఉంచి మిగతావి కత్తెరతో కోసేయండి. పీకితే పక్క వేరు కదులుతుంది.

డల్లాస్_దొడ్డి
ఆ కోసిన మొలకలు పారేయకండి, పప్పులో వేసుకోవచ్చు. ఇంతకీ గోంగూర బకెట్లో పండించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆకు వస్తోంది గానీ పులుపు రావట్లేదు.

బెజవాడ_పుదీనా
గరాజ్ లైట్ల కింద పులుపు ఎక్కడొస్తుందండీ! మాకు బకెట్ గోంగూర నేరుగా ఎండలో ఉన్నదే పుల్లగా వచ్చింది, నీడకి జరిపింది చప్పగా వచ్చింది. వేసవి రాగానే బకెట్ బయట పెట్టి చూడండి.